డెన్వర్ పడమటి గుట్టల్లో తొలి రాతి ట్రైల్: హాల్ రాంచ్, ఏపెక్స్, డకోటా రిడ్జ్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరానికి పడమటి వైపున మైదానం ముగిసి రాకీ పర్వతాలు మొదలయ్యే చోట, ఉత్తర దక్షిణాలుగా సాగే గుట్టల వరుసను అక్కడివారు ఫ్రంట్ రేంజ్ ఫుట్‌హిల్స్ అంటారు. ఆరోరా, పార్కర్, హైలాండ్స్ రాంచ్ వంటి శివారుల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ గుట్టలు కారులో గంట, గంటన్నర దూరంలోనే ఉంటాయి. ఉదయం టీ తాగి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరేంత దగ్గరలో, మౌంటెన్ బైక్ మీద రాళ్లెక్కి దిగే దారులు ఇన్ని ఉన్న నగరాలు తక్కువ. చదునైన మట్టిదారుల మీద కొంతకాలం నడిపి, బ్రేకులు, గేర్లు చేతికి అలవాటయ్యాక, ఇక రాళ్లున్న దారి పట్టాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ దారితో మొదలుపెట్టాలన్నదే. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు పరిమితమైనది. ప్రధానంగా మూడు దారులను పోల్చి, వాటికి తగిన సైకిల్ గురించి, అక్కడి నియమాల గురించి, రుతువుల గురించి అవసరమైనంత మేరకు చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. కష్టమైన రాళ్లను మొదట ఎక్కుతూ ఎదుర్కొని, ఆ తరువాత అవే రాళ్లను దిగుతూ మళ్లీ దాటే దారి తొలి ఎంపిక కావాలి. ఎక్కేటప్పుడు సైకిల్ వేగం మనిషి నడక వేగానికి కొంచెం మాత్రమే ఎక్కువగా ఉంటుంది కాబట్టి పట్టు తప్పినా కాలు నేలకు ఆనుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. అదే పొరపాటు దిగేటప్పుడు జరిగితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. పైగా, ఎక్కుతూ ఆగిన ప్రతిచోటా ఏ రాయి కదులుతోంది, ఏ రాయి పక్కన చక్రం పట్టేంత సందు ఉంది, ఎక్కడ దిగి నడవాలి అన్నది కంటితో చూసి గుర్తుపెట్టుకునే అవకాశం దొరుకుతుంది. ఈ లెక్క ప్రకారం లయన్స్ పట్టణం దగ్గరి హాల్ రాంచ్ మొదటిది, గోల్డెన్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఏపెక్స్ పార్కు రెండవది, మారిసన్ దగ్గరి డకోటా రిడ్జ్ చాలా తరువాతిది. చాలామంది కొత్తవారు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన వరుసలో వెళ్లడానికి కారణం డకోటా రిడ్జ్ డెన్వర్‌కు దగ్గరగా ఉండడం, మ్యాపులో పొట్టిగా కనబడడం.

రంగుల గుర్తులు చెప్పనివి

అమెరికాలో ట్రైల్ కష్టాన్ని ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం, జంట నల్ల వజ్రాలు వంటి గుర్తులతో సూచిస్తారు. మంచు మీద స్కీయింగ్ చేసే చోట్ల ఉన్న పద్ధతినే మౌంటెన్ బైక్ సంఘం దారులకు అనువుగా మార్చుకుంది. ఈ గుర్తులు దారి వెడల్పును, వాలును, అడ్డంకుల ఎత్తును బట్టి ఇచ్చేవే కాని, పడితే ఏమవుతుందో చెప్పేవి కావు. రెండు వైపులా గడ్డి ఉన్న చోట జానెడు రాయి ఎక్కడం వేరు, ఒకవైపు లోయ ఉన్న చోట అంతే ఎత్తు రాయి ఎక్కడం వేరు. గుర్తు మాత్రం రెండింటికీ ఒకటే కావచ్చు. అందువల్ల ఒక దారిని మరొక దారితో పోల్చేటప్పుడు నేను రంగు కన్నా ముందు చూసేవి వేరే ఉన్నాయి. రాళ్లు ఎక్కుడులో వస్తాయా, దిగుడులో వస్తాయా? తప్పితే శరీరం ఎక్కడ పడుతుంది? ఇక చాలు అనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్లవచ్చా, లేక చివరి దాకా పోక తప్పదా? దూరం, ఎత్తు వంటి అంకెలు వీటి తరువాతివి. ఆ అంకెలకు ఊపిరితో సంబంధం ఉన్నంతగా రాళ్లతో లేదు.

అంతకన్నా ముందు ఒక మెట్టు

రాళ్ల మీదికి పోకముందు బౌల్డర్ పట్టణం దగ్గరి బెటాసో ప్రిజర్వ్‌లో కొన్నిసార్లు తిరగడం ఉపయోగకరం. అక్కడి కాన్యన్ లూప్ 3.3 మైళ్లు, బెంజమిన్ లూప్ 2.4 మైళ్లు, రెండూ పైన్ చెట్ల మధ్య మెలికలు తిరిగే ఇరుకైన దారులే అయినా రాళ్లు తక్కువ. బౌల్డర్‌లోనే ఉన్న వాల్‌మంట్ బైక్ పార్కు 2011లో తెరిచిన పురపాలక ఉద్యానం. ప్రవేశ రుసుము లేదు. చిన్న మెట్ల నుంచి పెద్ద మెట్ల దాకా వరుసగా ఏర్పరచిన చెక్క వేదికలు, రాళ్ల పట్టీలు అక్కడ ఉన్నాయి. రెండు అడుగుల మెట్టు మీదనుంచి చక్రం ఎలా దించాలో ఒకే చోట పదే పదే చేసి చూసుకోవడానికి అంతకన్నా మంచి స్థలం ఆ ప్రాంతంలో నాకు తెలియదు. గుట్ట మీద ఒక మెట్టు తప్పితే మళ్లీ దాని దగ్గరికి సైకిల్ తోసుకుంటూ రావాలి. పార్కులో అర నిమిషంలో తిరిగి వస్తారు.

హాల్ రాంచ్

డెన్వర్ నడిబొడ్డు నుంచి ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, సెయింట్ వ్రెయిన్ ఏటి రెండు పాయలు కలిసే చోట ఉన్న చిన్న ఊరు లయన్స్. 2013 సెప్టెంబరు వరదల్లో ఈ ఊరు తీవ్రంగా దెబ్బతిని, తరువాత కోలుకుంది. ఊరు దాటి 7వ నంబరు రాష్ట్ర రహదారి మీద కొద్ది దూరం పోతే కుడివైపున బౌల్డర్ కౌంటీ (మన జిల్లా వంటిది) నిర్వహించే హాల్ రాంచ్ ప్రవేశం వస్తుంది. అక్కడినుంచి బయలుదేరే రెండు దారుల్లో నైట్‌హాక్ దారి నడిచేవారికి, గుర్రాల మీద వెళ్లేవారికి మాత్రమే. సైకిళ్లకు ఉన్నది బిట్టర్‌బ్రష్ దారి. అది 3.7 మైళ్లు ఎక్కి, పైన 2.2 మైళ్ల నెల్సన్ లూప్‌ను కలుస్తుంది. చుట్టి వచ్చి దిగితే మొత్తం సుమారు 15 కిలోమీటర్లు అవుతుంది.

బిట్టర్‌బ్రష్ మొదట్లో మామూలు మట్టిదారే. ఎండ తగిలే వాలు మీద మలుపులు తిరుగుతూ ఊపిరి సర్దుకునే వ్యవధి ఇస్తుంది. ఆ తరువాత వస్తుంది అందరూ చెప్పుకునే రాక్ గార్డెన్. ఇది ఒకటి రెండు రాళ్ల గుంపు కాదు. పెట్టెలంత రాళ్లు, మెట్లలా పేర్చినట్టున్న పలకలు, వాటి మధ్య ఇసుక గుంటలు ఒకదాని వెంట ఒకటి చాలాసేపు వస్తూనే ఉంటాయి. ఏ ఒక్క అడ్డంకీ విడిగా చూస్తే భయపెట్టేది కాదు. కష్టమంతా అవి వరుసగా రావడంలో, ఒకదాన్ని ఎక్కిన ఊపిరి సర్దుకోకముందే తరువాతిది చక్రం ముందు నిలవడంలో ఉంది. ఇక్కడ కాళ్ల బలం కన్నా పెడల్ ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్న విచక్షణే ఎక్కువ పనిచేస్తుంది. పెడల్‌ను పూర్తిగా తిప్పితే కింది పెడల్ రాయికి తగిలి సైకిల్ నిలిచిపోతుంది. కాబట్టి పావు చుట్టు ముందుకు తొక్కి, మళ్లీ వెనక్కి తెచ్చి, మళ్లీ పావు చుట్టు తొక్కుతూ ఒక్కొక్క మెట్టు ఎక్కడం నేర్చుకోవాలి. చూపు ముందు చక్రం మీద కాక దానికి రెండు సైకిళ్ల దూరం అవతల ఉండాలి. ముందు చక్రం రాయి మీదికి వచ్చిన తరువాత దాని గురించి చేయగలిగింది ఇక ఏమీ ఉండదు.

ఈ భాగంలో దిగి నడవడం చిన్నతనమేమీ కాదు. మూడు, నాలుగు సార్లు వెళ్లివచ్చినవారు కూడా మొత్తం రాళ్లను కాలు కింద పెట్టకుండా దాటడం అరుదు. మెలకువ గలవారు చేసే పని ఇది: తప్పిన చోట ఆగి, పది అడుగులు వెనక్కి తోసుకొచ్చి, మళ్లీ ప్రయత్నించి, రెండోసారి కూడా కాకపోతే నడిచి ముందుకు పోతారు. రాళ్ల పక్కన చాలాచోట్ల వాలు మెత్తగానే ఉంటుంది. ఆగడానికి, సైకిల్ పక్కకు పెట్టి మరొకరికి దారి ఇవ్వడానికి చోటు దొరుకుతుంది. తొలి ప్రయత్నానికి ఈ దారిని నేను ఎంచడానికి ముఖ్యమైన కారణం ఇదే.

రాళ్లు దాటాక దారి విశాలమైన గడ్డిమైదానంలోకి తెరుచుకుంటుంది. నెల్సన్ లూప్ మీదనుంచి 4,346 మీటర్ల లాంగ్స్ పీక్ శిఖరం కనబడుతుంది. అక్కడ కూర్చొని నీళ్లు తాగి, తిరుగు ప్రయాణంలో అవే రాళ్లను దిగేటప్పుడు వాటిలో చాలావరకు ముఖపరిచయం ఉన్నవే అయి ఉంటాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి: అక్కడి నియమం ప్రకారం దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలి, సైకిల్ మీద ఉన్నవారు నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలి. రాక్ గార్డెన్ మధ్యలో కింద నుంచి ఎవరైనా ఎక్కుతూ కనబడితే దిగేవారే ఆగాలి. కాబట్టి ఎక్కడైనా ఆగగలిగేంత వేగంలోనే దిగాలి. ఈ ఒక్క నియమం వల్లే కొత్తవారి వేగం అదుపులో ఉంటుంది.

హాల్ రాంచ్‌లో లోపం లేకపోలేదు. వేసవిలో నీడ తక్కువ. ఎండకు కాగే రాళ్ల మీద ప్రెయిరీ రాటిల్‌స్నేక్ అనే విషపు పాములు కనబడుతుంటాయి. చేతిని ఆనించే ముందు రాతి సందు చూసుకోవాలి. కుక్కలకు ప్రవేశం లేదు. శనివారం ఉదయం తొమ్మిది దాటితే కార్లు నిలిపే చోటు దొరకడం కష్టం.

ఏపెక్స్

ఏపెక్స్ పార్కు జెఫర్సన్ కౌంటీది, గోల్డెన్ పట్టణాన్ని ఆనుకొని ఉంటుంది. 1859లో గోల్డెన్‌కు పడమటి కొండల్లో బంగారం దొరికిన తరువాత, గనుల దగ్గరికి బండ్లు వెళ్లేందుకు 1860లలో వేసిన సుంకం బాట ఈ లోయలోనే సాగింది. నేటి ఏపెక్స్ ట్రైల్ చాలావరకు ఆ బండిబాటనే అనుసరిస్తుంది. ఎద్దుల బండ్లు ఎక్కిన దారిలో సైకిల్ ఎక్కలేక ఆయాసపడడం కొంచెం సిగ్గుగా అనిపించినా, ఆ బండ్ల కింద ఇన్ని రాళ్లు తేలి ఉండవని సమాధానపడవచ్చు. నూటయాభై ఏళ్ల వాన నీరు మట్టిని కడిగి రాళ్లను పైకి తెచ్చింది.

ఇక్కడ రాళ్లు రెండు రకాలుగా ఎదురవుతాయి. కింది ఏపెక్స్ దారి లోయ వెంట సాగుతుంది. పదునైన అంచుల రాళ్లు, ఏటి పక్కన తడి పలకలు, హఠాత్తుగా వచ్చే నిలువు మెట్లు అందులో ఉన్నాయి. దీన్ని తప్పించుకోవాలనుకునేవారు ఆర్గోస్, పిక్ ఎన్ స్లెడ్జ్ వంటి పక్క దారుల మీదుగా మలుపులు తిరుగుతూ పైకి చేరవచ్చు. పై భాగం నుంచి దిగే ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ దారి ఉత్తరపు వాలు మీద, దట్టమైన నీడలో, వేళ్లూ రాళ్లూ కలిసిన మెత్తటి నేల మీద సాగుతుంది. అందంలో ఈ మూడింటిలో దీనికి సాటి లేదు, అనుభవజ్ఞులు ఏపెక్స్‌ను ఇష్టపడేది దీని కోసమే. అయితే కొత్తవారి దృష్టితో చూస్తే చిక్కు ఇక్కడే ఉంది. సాధారణంగా అందరూ ఒక దారిన ఎక్కి, ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ మీదుగా దిగుతారు. అంటే దిగుడులో ఎదురయ్యే ప్రతి అడ్డంకినీ మొదటిసారి చూసేది వేగంగా వస్తూనే. చెట్ల నీడకూ ఎండ మచ్చలకూ మధ్య కన్ను సర్దుకోకముందే వేరు ఒకటి అడ్డుగా వస్తుంది. తడిసిన వేరు రాయి కన్నా జారుడు.

ఏపెక్స్‌లో తేదీ బేసి సంఖ్యా, సరి సంఖ్యా అన్నదాన్ని బట్టి కొన్ని దారుల మీద సైకిళ్లు వెళ్లవలసిన దిశ మారే నియమం ఉంది. మొదటిసారి వెళ్లేవారు ప్రవేశం దగ్గరి బోర్డును పూర్తిగా చదివి, ఆ రోజు తమకు అనుమతి ఉన్న దిశ ఏదో తేల్చుకున్నాకే బయలుదేరాలి. నా సలహా ఏమంటే, కింది ఏపెక్స్ దారిని ఎక్కవలసిన రోజునే తొలిసారి వెళ్లాలి. బేసి సరి నియమాన్ని చాలామంది విసుగ్గా చూస్తారు కాని, కొత్తవారికి అది మేలు చేస్తుంది. అనుమతి ఉన్న రోజు ఎంచుకొని వెళితే ఎదురుగా వేగంగా దిగివచ్చే సైకిళ్ల భయం లేకుండా రాళ్లెక్కడం సాధన చేయవచ్చు.

డకోటా రిడ్జ్

70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారికి దక్షిణంగా, మారిసన్ ఊరి వైపు సాగే నిటారు రాతి వెన్నును డకోటా హాగ్‌బ్యాక్ అంటారు. అరలో పక్కకు ఒరిగిన పుస్తకాల్లా ఇసుకరాతి పలకలు తూర్పుకు వాలి ఉంటాయి. ఆ రాతి వయసు సుమారు పది కోట్ల సంవత్సరాలు. పడమటి పక్కనే కనబడే రెడ్ రాక్స్ పార్కు ఎర్రరాయి దాదాపు ముప్పై కోట్ల సంవత్సరాల నాటిది. 1877లో ఆర్థర్ లేక్స్ అనే ఉపాధ్యాయుడు మారిసన్ దగ్గర బయటపెట్టిన ఎముకల నుంచే స్టెగోసారస్ అనే డైనోసార్ లోకానికి తెలిసింది. వెన్ను తూర్పు వాలు మీద డైనోసార్ అడుగుల ముద్రలు నేటికీ రోడ్డు పక్కనుంచే చూడవచ్చు. సైకిల్ లేకుండా పిల్లలతో వెళ్లడానికి ఇది చాలా మంచి చోటు.

సైకిల్‌తో అయితే మాట వేరు. దారి చాలావరకు ఆ వెన్ను మీదనే సాగుతుంది. మొత్తం మూడు కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉండే ఈ దారిలో తేలికైన గజం తక్కువ. పలకలు ఒరిగి ఉన్నందువల్ల చక్రం కింద నేల ఎప్పుడూ ఒక పక్కకు వాలే ఉంటుంది. ఒక పలక అంచు నుంచి మరొక పలక మీదికి దిగే చోట్ల అడుగున్నర, రెండు అడుగుల ఎత్తు కూడా ఉంటుంది. కొన్ని చోట్ల పక్కనే వాలు నిటారుగా కిందికి పడిపోతుంది. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఎక్కుడూ దిగుడూ కలిసే వస్తాయి కాబట్టి రాళ్లను ముందుగా ఎక్కుతూ చూసుకునే సౌలభ్యం ఇక్కడ పూర్తిగా దొరకదు. చాలామంది వెన్ను మీద ఒక వైపు వెళ్లి, పడమటి లోయలోని రెడ్ రాక్స్ ట్రైల్ మీదుగా తిరిగివచ్చి చుట్టు పూర్తి చేస్తారు. ఆ రెడ్ రాక్స్ ట్రైల్ ఒక్కదాన్నే వెళ్లిరావడం కొత్తవారికి మంచి ప్రత్యామ్నాయం. దృశ్యం అదే, ప్రమాదం అందులో నాలుగో వంతు. వెన్ను మీదికి పోవాలనుకుంటే ముందు ఒకసారి సైకిల్ లేకుండా నడిచి రావడం మేలని నా అభిప్రాయం. నడిచిన మనిషికి ఎక్కడ దిగాలో, ఎక్కడ సైకిల్ మీదనే ఉండవచ్చో తెలుస్తుంది. హాల్ రాంచ్ రాళ్లలో సగానికి పైగా కాలు పెట్టకుండా ఎక్కగలిగే దాకా డకోటా రిడ్జ్ ఆలోచన వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు.

ఈ మూడింటికీ మధ్యస్థంగా హైల్ వ్యాలీ రాంచ్ ఉంది. పిక్చర్ రాక్ దారి మీదుగా లయన్స్ నుంచే అక్కడికి ఎక్కవచ్చు. పెద్ద మెట్లు లేవు కాని, పగిలిన ఇసుకరాతి పెళ్లలు మైళ్ల తరబడి గతుకులుగా పరుచుకొని ఉంటాయి. బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం భవనాలకు వాడిన ఎర్రని లయన్స్ ఇసుకరాయి ఇదే. 2020 అక్టోబరులో వచ్చిన క్యాల్‌వుడ్ కార్చిచ్చులో ఇక్కడి అడవిలో చాలా భాగం కాలిపోయినందువల్ల నీడ మునుపటంత లేదు. మెట్లు ఎక్కడం కన్నా ఎక్కువ దూరం గతుకుల మీద నిలదొక్కుకోవడం నేర్చుకోదలచినవారికి ఇది తగినది.

ఏ సైకిల్?

వెనుక సస్పెన్షన్ (గతుకుల కుదుపును తీసుకునే అమరిక) లేని హార్డ్‌టెయిల్, ముందూ వెనుకా 120–130 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్నది, 150–160 మిల్లీమీటర్లది అని మూడు తెగలుగా ఆలోచిస్తే చాలు. దుకాణాల్లో కొత్తవారికి ఎక్కువగా చూపించేది మూడవ తెగ. అది కొండ దిగుడుకు నిజంగానే నమ్మకమిస్తుంది. కాని ఈ గుట్టల్లో గంట దిగాలంటే రెండు గంటలు ఎక్కాలి. మెత్తటి సస్పెన్షన్ బరువుకు కుంగినప్పుడు పెడల్ నేలకు మరింత దగ్గరై రాళ్లకు తగులుతుంది. హార్డ్‌టెయిల్ తేలిక, చవక, మరమ్మతు తక్కువ. దాని మీద నేర్చుకున్నవారి కాళ్లూ చేతులూ రాతిని బాగా చదువుతాయన్నది నిజమే. అయినా హాల్ రాంచ్ రాళ్లను దిగేటప్పుడు వెనుక చక్రం ఎగిరెగిరి పడుతుంటే, సగటు కొత్తవారికి ఆ పాఠం నడుము నొప్పితో పాటే వస్తుంది. అందుకే ఈ మూడు దారులకూ కలిపి ఒకే సైకిల్ కొనాలంటే నేను రెండవ తెగనే సూచిస్తాను. ఉన్నది హార్డ్‌టెయిల్ అయితే దాన్ని మార్చే తొందర అక్కరలేదు. హాల్ రాంచ్‌కు అది సరిపోతుంది, డకోటా రిడ్జ్‌కు సరిపోదు. కొనే ముందు గోల్డెన్‌లోనో బౌల్డర్‌లోనో ఒక రోజు అద్దెకు తీసుకొని అసలు రాళ్ల మీదనే నడిపి చూడడం వెచ్చించిన డబ్బుకు తగిన పని.

దుకాణంలో ఎవరూ అంతగా చెప్పని రెండు విషయాలు రాళ్లెక్కేవారికి చాలా ముఖ్యం. ఒకటి, క్రాంక్ పొడవు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే కమ్మీ పొడవు. 175 మిల్లీమీటర్ల క్రాంక్ కన్నా 165 మిల్లీమీటర్లది రాయికి తగలడం స్పష్టంగా తక్కువ. రెండవది, వెనుక చక్రం మధ్యలోని హబ్ పెడల్ తొక్కగానే ఎంత త్వరగా పట్టుకుంటుంది అన్నది. పావు చుట్టు తొక్కి వెనక్కి తెచ్చే పద్ధతిలో, 18 చోట్ల పట్టే హబ్ అయితే పెడల్ 20 డిగ్రీల దాకా ఊరికే తిరిగిపోవచ్చు; 54 చోట్ల పట్టేదైతే ఆ వృథా 7 డిగ్రీల లోపే. రాయి అంచున చక్రం నిలిచిన క్షణంలో ఆ తేడా ఎక్కడానికీ పడడానికీ మధ్య తేడా అవుతుంది.

సీటును మీట నొక్కి దించే డ్రాపర్ పోస్ట్ ఈ దారుల్లో విలాసం కాదు. టైర్లు 2.4 అంగుళాల వెడల్పుతో, ట్యూబ్ లేకుండా, లోపల చిల్లులను పూడ్చే సీలెంట్ ద్రవంతో ఉండాలి. డెబ్బై అయిదు కిలోల మనిషికి ముందు 22, వెనుక 25 పిఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, రిమ్ రాయికి తగులుతుంటే కొద్దిగా పెంచుకోవాలి. సీలెంట్ అవసరం రాళ్ల వల్ల మాత్రమే కాదు. మన చేల గట్ల మీద అరికాళ్లకు గుచ్చుకునే పల్లేరు కాయలు కొలరాడోలోనూ ఉన్నాయి. కలుపు మొక్కగా అక్కడికి చేరిన పల్లేరు దిగువ దారుల అంచుల్లో, కార్లు నిలిపే చోట్ల బాగా పెరుగుతుంది. ట్యూబ్ ఉన్న చక్రం ట్రైల్ దాకా చేరకముందే గాలి పోయే సందర్భాలు అక్కడివారికి కొత్త కాదు.

పెడల్ విషయంలో నేర్చుకునే రోజుల్లో బూటు బిగించే క్లిప్ రకం వద్దు. కాలు తటాలున నేలకు ఆనగలగడమే ఎక్కుడులో మనకున్న రక్షణ, దాన్ని వదులుకోకూడదు. చిన్న మొలలున్న చదును పెడల్, మెత్తటి రబ్బరు అడుగున్న బూటు చాలు. ఆ మొలలు పిక్కలను గీరుతాయి కాబట్టి మోకాలి నుంచి పిక్క దాకా రక్షణ తొడుగు వేసుకోవడం మంచిది.

మోటారు సహాయం ఉన్న ఇ-బైక్ కొనాలనుకునేవారికి దారి ఎంపికే మారిపోతుంది. జెఫర్సన్ కౌంటీ తన మట్టిదారుల మీద తొలి తరగతి ఇ-బైక్‌లను, అంటే తొక్కినప్పుడే సాయపడి గంటకు 20 మైళ్ల దగ్గర ఆగే వాటిని, అనుమతిస్తుంది. కాబట్టి ఏపెక్స్‌కు వెళ్లవచ్చు. బౌల్డర్ కౌంటీ మాత్రం గుట్టల్లోని దారుల మీద వాటిని అనుమతించదు కాబట్టి హాల్ రాంచ్, హైల్, బెటాసో మూడూ వారికి మూసినట్టే. ఇంటికి దగ్గరలో ఉన్నది ఏ కౌంటీ అన్నది చూడకుండా వేలకు వేలు పోసి ఇ-బైక్ కొనకూడదు.

రోజు, వేళ, రుతువు

బెటాసోలో బుధ, శనివారాల్లో ప్రధాన దారుల మీద సైకిళ్లకు అనుమతి లేదు. మిగిలిన రోజుల్లో కూడా సైకిళ్లు తిరగవలసిన దిశ నెలనెలా మారుతుంది. గోల్డెన్ పడమటి కొండల్లోని సెంటెనియల్ కోన్ పార్కులో వారాంతపు రోజు సరి తేదీ అయితే సైకిళ్లకు, బేసి తేదీ అయితే నడిచేవారికి. తొలి రాతి ప్రయత్నానికి వీలైతే పనిదినమే ఎంచుకోవాలి. వెనుక నలుగురు నిలబడి చూస్తుంటే దిగి మళ్లీ ప్రయత్నించే ఓపిక ఎవరికీ ఉండదు.

జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం తరువాత ఉరుములతో వానలు రావడం అక్కడ మామూలు. మెరుపు వచ్చే వేళ డకోటా వెన్ను మీదా నెల్సన్ లూప్ మైదానంలోనూ ఉండకూడదు. ఉదయం ఏడుకు మొదలుపెట్టి పదకొండుకల్లా కిందికి రావాలి. హైదరాబాద్ నుంచి కొద్ది రోజులకు వచ్చిన బంధువులను తీసుకువెళ్లేవారు మరో విషయం గమనించాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, లయన్స్, గోల్డెన్ 1,600 మీటర్ల పైన ఉన్నాయి, ఎక్కుడు అక్కడినుంచి మొదలవుతుంది. వచ్చిన మొదటి రెండు మూడు రోజులు వారిని రాళ్ల దగ్గరికి తీసుకుపోకుండా, ఆ తరువాత బెటాసోతో ఆపడం మంచిది.

చలికాలంలో ఈ ఎంపిక మరింత ఖాయమవుతుంది. ఎండ తగిలే బిట్టర్‌బ్రష్ మంచు కురిసిన కొద్ది రోజులకే ఆరుతుంది, ఏపెక్స్ లోయలోనూ ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్‌లోనూ మంచు గడ్డకట్టి వారాల తరబడి ఉంటుంది. డెన్వర్‌లో మంచు ఎక్కువగా పడే నెల మార్చి అన్నది కొత్తగా వచ్చినవారికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఏప్రిల్ కూడా తక్కువ తినదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున నేల గట్టిగా ఉండి, పది దాటేసరికి బురదగా మారుతుంది. బురదలో నడిపితే చక్రపు చాళ్లు ఎండి గట్టిపడి వేసవి దాకా దారిని పాడుచేస్తాయి, అందుకే కౌంటీలు కొన్నిసార్లు దారులను మూసివేస్తాయి. బయలుదేరే ఉదయమే కౌంటీ ప్రకటించే దారుల పరిస్థితి చూసుకోవాలి. మూసి ఉంటే వాల్‌మంట్‌కు పోదామనుకోవడం కూడా కుదరదు, తడిసినప్పుడు ఆ పార్కునూ మూస్తారు. గోల్డెన్ నుంచి డెన్వర్ వైపు క్లియర్ క్రీక్ ఏటి వెంట సాగే సిమెంటు బాట మాత్రం అలాంటి రోజుల్లోనూ తెరిచే ఉంటుంది.